ఐదు దాటిన రోజులు

మా అత్త ఈరమ్మకు నేను పొద్దున లేవగానే దండం పెడతానంటే మా కాలనీ ఆడవాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు. అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత. నాకు అత్త ఉంది, నేను ఉత్తమురాలిని కాను, పైగా నోరు కొంచెం పెద్దది. అయినా నా గర్భసంచి ఈ రోజు నా కడుపులోనే ఉందంటే అందులో సగం పుణ్యం మా అత్తది, సగం ఉజ్వల తాయిది, ఇంకో సగం మా మామది. ఒకదాంట్లో మూడు సగాలు ఎలా ఉంటాయని అడక్కండి. నేను లెక్క తప్పడం వల్లే ఈ కథంతా జరిగింది.

మేముండేది మహారాష్ట్రలో, రాజురా దగ్గర బొగ్గుగని క్వార్టర్లలో. రెండు గదులు, ఒక వరండా. మా మామ రాయమల్లు వయసులో ఉండగా మంచిర్యాల వైపు నుంచి గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. భూగర్భ గనిలో పనిచేస్తుండగా కుడికాలు మోకాలి కింద పోయింది. అది నా పెళ్లికి చాలా ముందటి మాట. ఇప్పుడాయన వరండాలో కుర్చీ వేసుకుని, వారం కిందటి తెలుగు పేపరైనా సరే, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాడు. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు నాకు ఆ వరండాలోనే, ఆయన దగ్గరే వచ్చాయి. నా భర్త సతీష్, సాస్తి ఊరి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు.

పెళ్లయిన రెండో ఏడు నాకు నాలుగో నెలలో కడుపు పోయింది. ఆ తర్వాత నెలసరి నెలసరిలా రావడం మానేసింది. ముద్దలు ముద్దలుగా పడేది. నాలుగు మెట్లెక్కితే కళ్లు తిరిగేవి. ముప్పై ఒకటో ఏట స్కానింగ్ తీస్తే సంచిలో మూడు గడ్డలున్నాయని, పెద్దది నిమ్మకాయంత ఉందని తేలింది. వాటిని ఫైబ్రాయిడ్లు అంటారట. మేం చూపించుకున్న ప్రైవేటు డాక్టరు రిపోర్టు సగం చూసి, "సంచి తీసేద్దాం, ఇక ఏ బాధా ఉండదు" అన్నాడు. వచ్చే నెల ఆరో తారీకు ఆపరేషన్ అని చీటీ రాసిచ్చాడు.

నాకు పిల్లలు కావాలి. ఇది దాచుకోవాల్సిన మాట కాదు కాబట్టి చెబుతున్నాను. చీటీ పట్టుకుని ఇంటికొచ్చిన రోజు స్నానాలగదిలో నల్లా విప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. సతీష్ "నువ్వెట్లంటే గట్ల" అన్నాడు. మగవాళ్లకు అది ప్రేమలా కనిపిస్తుంది గానీ ఆడవాళ్లకు అది జవాబు కాదు. అత్త మాత్రం ఆ చీటీని దేవుడి పటాల దగ్గర పెట్టింది.

"మంచిగైతది బిడ్డా. నేను గూడ ముప్పై నాలుగేండ్లకే తీపిచ్చుకున్న. తీపిచ్చుకున్నంక నా పానం నిమ్మలమైంది" అంది.

ఆ వారంలోనే ఉజ్వల తాయి స్కూటీ మీద మా క్వార్టర్ల ముందు దిగింది. తాయి అంటే మరాఠీలో అక్క. చంద్రాపూర్ ఆవిడ, నలభై దాటింది. పన్నెండేళ్ల కింద తనకూ ఇవే గడ్డలు. ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పి తిప్పుతుంటే విసిగిపోయి, తనలాంటి ఆడవాళ్లను పదిమందిని పోగుచేసి ఒక సంఘం పెట్టింది. డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లలేని వాళ్లకు తోడు వెళ్లడం, రిపోర్టు చదివి చెప్పడం, ఇంకో దారి ఉందా అని వాళ్ల తరఫున అడగడం ఆ సంఘం పని. ఆ ఏడు ఒక డాక్టరమ్మతో కలిసి పరిశోధన కూడా మొదలుపెట్టారు. గనుల చుట్టుపక్కల ఆడవాళ్లకు ఎన్ని రోజులు రక్తం పోతోంది, ఒంట్లో ఎంత మిగిలింది, ఎవరికి ఏ వైద్యం చెప్పారు అని ఇంటింటికీ తిరిగి రాసుకోవడం. విసాపూర్, కోఠారి ఊళ్లు అయిపోయాయి. మా కాలనీలో తెలుగువాళ్లు ఎక్కువ, ఆవిడకు తెలుగు రాదు. రెండు భాషలూ వచ్చిన మనిషి కావాలని అడిగితే ఎవరో నా పేరు చెప్పారు. ఆవిడ మాట్లాడింది మరాఠీలోనే, ఇక్కడ నేను నా తెలుగులో చెబుతున్నాను.

మొదటి ఫారం నాదే నింపింది. పేరు, వయసు, కాన్పులు. తర్వాత, నెలసరి ఎన్ని రోజులు అని అడిగింది. పక్కనే అత్త కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. ఇన్నేళ్లుగా ఉన్నది కాబట్టి అత్తకు మరాఠీ బాగా వచ్చు. నేను "పాచ్" అన్నాను, అంటే ఐదు. అత్త తలూపింది.

నేను అబద్ధం చెప్పాననుకోలేదు. మా లెక్కే అంత. మా ఇళ్లలో బయట చేరితే ఐదు రోజులు దూరం. రెండు గదుల క్వార్టర్లో దూరమంటే ఎంత దూరమో మీరే ఊహించుకోండి: వరండా మూల ఒక చాప, నా గ్లాసు, నా కంచం. ఐదో నాడు పొద్దున అత్త నా తల మీద నీళ్లు పోస్తుంది, చాప ఉతుకుతాం, నేను పొయ్యి దగ్గరికి వెళ్తాను. అక్కడితో అయిపోయినట్టు. ఒంట్లోంచి ఇంకా పోతూనే ఉన్నా సరే, అయిపోయినట్టే. ఆ తర్వాత పోయేదాన్ని ముట్టు అనం, వేడి చేసింది అంటాం. నల్ల లంగా కట్టుకుంటాం, మెంతులు నానబెట్టుకుని తాగుతాం, దేవుడి దగ్గర దీపం పెడతాం. నాకు పదమూడో రోజు దాకా పోయేది. అందులో ఐదు రోజులు నెలసరి, ఎనిమిది రోజులు వేడి. వేడి గురించి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

ఫారం అయ్యాక నా ఆరో తారీకు సంగతి విని ఉజ్వల తాయి పెన్ను పక్కన పెట్టింది.

"రెండో తారీకున మా డాక్టరమ్మ చంద్రాపూర్ వస్తుంది. కొందరికి సంచి ఉంచి గడ్డలు మాత్రమే తీస్తుంది. నీకు కుదురుతుందో లేదో నేను చెప్పలేను, చూశాక ఆమే చెప్పాలి. రోజుకు పన్నెండు మందినే చూడగలదు కాబట్టి, అవసరం ఎక్కువున్నవాళ్లను ఈ ఫారాలు చూసి ముందే ఎంచుకుంటుంది."

సంచి ఉంచి గడ్డలు తీయొచ్చన్న సంగతి నేను ఆ రోజే విన్నాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. కానీ అడగడానికి ఒకటుందని తెలియాలి కదా, ఆ తెలియజెప్పే మనిషి మా గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ స్కూటీ మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను.

పది రోజుల్లో అరవై ఇళ్లు తిరిగాను. నాతోపాటు ఒక నర్సు వచ్చి వేలికి సూది గుచ్చి రక్తం చూసేది. రక్తం అన్న మాట నోటితో అనడానికి నాకే సిగ్గు, అందుకని "అక్కా, ఏ నాడు నీళ్లు పోసుకుంటవ్?" అని అడిగేదాన్ని. ఎంత మర్యాదగా అడుగుతున్నానో అని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా. "ఐదో నాడు" అనేవాళ్లు. రాజమ్మ ఐదు, కమలాక్షి ఐదు, ఆమె తోడికోడలు ఐదు. ఒక్క కొట్టివేత లేకుండా అన్నీ నీటుగా రాసి పంపాను.

రెండో తారీకు వారం ఉందనగా ఉజ్వల తాయి ఆ ఫారాల కట్టతో మళ్లీ వచ్చింది. అత్త బజారుకు వెళ్లింది. మామ బయట పేపరు చదువుతున్నాడు. ఆవిడ ఫారాలు లోపలి గదిలో నేల మీద పరిచింది.

"సుమన్, విసాపూర్‌లో నాలుగు రోజులున్నవాళ్లున్నారు, ఏడున్నవాళ్లున్నారు, పన్నెండున్నవాళ్లున్నారు. నీ అరవై మందికీ ఐదే. కానీ రక్తం చూడు, పన్నెండు ఉండాల్సింది ఆరు, ఏడు, ఏడున్నర. ఐదు రోజుల నెలసరికి ఇంత రక్తం ఎలా తగ్గింది? లెక్క కుదరడం లేదని డాక్టరమ్మ ఈ కాలనీ నుంచి ఎవర్నీ ఎంచుకోలేదు. నిన్ను కూడా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ నన్ను ఏమీ అనకముందే నేను లేచాను. ఎండలో ఇంటింటికీ తిరిగానని, ఇంట్లో కూర్చుని రాయలేదని, నమ్మకపోతే వేరేవాళ్లను చూసుకొమ్మని నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఆవిడ నా మాటలన్నీ అయ్యేదాకా ఆగింది. తర్వాత ఒక్క ప్రశ్న అడిగింది.

"ఐదో రోజు స్నానం చేశాక కూడా బట్ట పెట్టుకుంటావా?"

"పెట్టుకుంటాను."

"ఎన్నాళ్లు?"

వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి. అప్పుడు మళ్లీ కింద కూర్చున్నాను. అరవై మంది ఆడవాళ్ల రక్తాన్ని నేను వేడి కింద తోసేశాను. అందులో నాదీ ఉంది.

ఆవిడ తిడుతుందనుకున్నాను. "తప్పు నీది కాదు, నా ఫారంది. ఇక్కడ ఎలా అడగాలో నాకు తెలియలేదు. నువ్వు చెప్పావు కాబట్టి తెలిసింది" అంది. అంత చదువుకున్న మనిషి ఎవరూ అంతవరకు నాకు అలా విలువిచ్చి మాట్లాడలేదు. ఆ ఒక్క మాటకు ఆవిడ ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్తాను.

"నీది ఇప్పుడే దిద్దుతాను" అంటూ ఆవిడ ఐదు కొట్టేసి పదమూడు రాసింది. "మిగతావాళ్లవి మళ్లీ అడగాలి. వారమే ఉంది. అడుగుతావా?"

నాది ఒక్కటి దిద్దించుకుని ఊరుకుందామన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. ఎందుకంటే నేను మళ్లీ వెళ్లి అడిగితే, మరి నీకెన్ని అని వాళ్లు నన్నడుగుతారు. చెబితే మా ఇంటికి చేరుతుంది. ఆ ఏడు పోశమ్మ బోనాలు నా ఏడో రోజున పడ్డాయి. అత్త చేత్తో నీళ్లు పోయించుకుని, ఆమె పసుపు రాసిన కుండ నెత్తిన పెట్టుకుని, లోపల బట్టతో గుడిదాకా నడిచాను. ఆ సంగతి తెలిస్తే అత్త సంచిని ఉంచుకోనిస్తుందా? కానీ రాజమ్మకు రక్తం ఆరుంది. నల్లా దగ్గర బిందె ఎత్తలేక ఆమె కూలబడితే రెండుసార్లు నేనే లేపాను. సరే, అడుగుతాను అన్నాను.

మర్నాడు మొదట కమలాక్షి ఇంటికే వెళ్లాను. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. దాటాల్సిన వాగు ముందే దాటేద్దామనుకున్నాను.

"అక్కా, నీళ్లు పోసుకున్నంక గూడ ఎన్ని రోజులు బట్ట పెడ్తవ్?"

కమలాక్షి వెళ్లి తలుపు వేసొచ్చింది. "గదెందుకే? ముందు నీకెన్నో చెప్పు."

"పదమూడు."

"పదమూడా? మరి పోశమ్మ బోనం?"

"ఏడో నాడు ఎత్తిన."

ఆమె మంచం అంచున కూర్చుని, "నాకు పదిహేను. నేను గూడ ఎత్తిన. ఐదేండ్ల సంది ఎత్తుతున్న" అంది. నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. పేర్లు ఎవరికీ చెప్పనని, అంకెలే రాసుకుంటానని నేను మాటిచ్చాను. తనూ ఎవరి పేరూ చెప్పనని ఒట్టేసింది. నా పేరు తప్ప ఎవరి పేరూ చెప్పలేదు, పాపం.

మధ్యాహ్నానికల్లా సంగతి మా వరండా ఎక్కింది. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. పొయ్యి దగ్గర తనే కూర్చుంది. నా చాప తీసి వరండా మూల వేసింది. సతీష్ డ్యూటీ నుంచి రాగానే, "ఆరో తారీకు దాక ఎందుకురా? తొందరగ తీపియ్యాలె. డాక్టర్‌ను అడుగు" అంది. అతను తల్లిని చూశాడు, నన్ను చూశాడు, "అడుగుత" అన్నాడు. వంద టన్నుల బండిని తిప్పే మనిషికి ఇంట్లో మాత్రం తలకాయ తిప్పడం రాదు. రెండు రోజుల్లో జవాబు తెచ్చాడు. డాక్టరు ముప్పయ్యో తారీకుకు ఒప్పుకున్నాడట. అంటే ఉజ్వల తాయి డాక్టరమ్మ రావడానికి ముందే.

ఫోన్ చేస్తే ఉజ్వల తాయి, "కడుపు నీది, సంతకం నీది. నువ్వు వద్దంటే ఎవరూ ముట్టుకోలేరు. అవసరమైతే నేనొచ్చి పక్కన నిలబడతాను" అంది. అది విని ధైర్యం వచ్చింది గానీ, రోజూ అన్నం తినేది ఆ ఇంట్లోనే కదా. మింగలేక కక్కలేక ఉన్నాను. కోపమొస్తే నాకు కాళ్లు ఆగవు, అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇళ్లు తిరిగాను. ఒక ఇంట్లో తొమ్మిది, ఒక ఇంట్లో పదకొండు, ఒక ఇంట్లో మాకు నిజంగానే ఐదు అన్నారు. కొందరు చెవిలో చెప్పారు. ఒకామె నోటితో చెప్పలేక గోడ మీద వేలితో గీతలు గీసి చూపించింది.

ఇరవై తొమ్మిదో తారీకు మధ్యాహ్నం నేను ఫారాలు సర్దుకుంటుంటే అత్త వచ్చి నా ఎదురుగా నిలబడింది. నాలుగు రోజుల తర్వాత అదే మొదటి మాట.

"ఎందుకెత్తినవే?"

"అత్తమ్మా, నీళ్లు పోసింది నువ్వే గదా. నాకు ఇంకా పోతుందంటె ఇంట్ల వంటెవ్వరు జేస్తరు, నీకు ఏమని చెప్పాలె?" అన్నాను. నా గొంతు గట్టిగానే ఉంది.

అత్త నెమ్మదిగా కింద కూర్చుంది. "నేను గూడ ఎత్తిన" అంది.

నేను కాగితాలు వదిలేశాను.

"సతీష్ అప్పుడు మూడేండ్లోడు. నాకు పదకొండు రోజులు పోతుండె. మా అత్త ఐదో నాడే నీళ్లు పోసేది. ఆ యేడు తొమ్మిదో నాడు బోనం పడ్డది. చెప్పలేక ఎత్తిన. వారం తిరగకముందే మీ మామ కాలు పోయింది." ఆమె వరండా వైపు చూడలేదు, చెయ్యి మాత్రం అటు చూపించింది. "నా వల్లనే పోయింది బిడ్డా. ముప్పై ఏండ్లాయె, ఎవ్వలకు చెప్పలే. అందుకే సంచి తీపిచ్చుకున్న. ఇగ నా నుంచి ఈ ఇంటికి ఏ కీడు రాదని. నువ్వు ఎత్తినవని ఇన్నప్పటి సంది సతీష్ డ్యూటీకి పోతుంటె నా పానం నా తాన ఉంటలేదు. నీది గూడ తీపిస్తె వాడు సల్లగ ఇంటికొస్తడు. గంతే. నీ మీద కోపం గాదు."

నాలుగు రోజులుగా ఆమెను మనసులో ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చి సిగ్గేసింది. దేవుడి గురించి నాకేమీ తెలియదు, పోశమ్మకు కోపం వస్తుందో రాదో చెప్పేంతదాన్ని కాను. నా దగ్గరున్నవి ఫారాలే. వాటినే ముందుకు జరిపాను.

"అత్తమ్మా, ఇప్పటికి యాభై రెండు ఇండ్లు మల్ల తిరిగిన. ముప్పై ఎనిమిది మందికి ఐదు దాటుతది."

"ముప్పై ఎనిమిదా?"

"అందరు బోనం ఎత్తినోళ్లే. నీళ్లు పోసుకున్నంకనే, లోపట పోతుంటెనే ఎత్తిండ్రు."

అత్త అడిగింది. "వాళ్ల మొగోళ్లు?"

"కొందరు ఫస్ట్ షిఫ్ట్‌ల ఉన్నరు, కొందరు సెకండ్ షిఫ్ట్‌ల. పొయ్యొస్తున్రు అత్తమ్మా. కాళ్లు చేతులు అందరికీ మంచిగనే ఉన్నయి."

"పేర్లు చెప్పు."

"చెప్ప."

"మంచిది, చెప్పకు." ఆమె ఫారాల మీద అరచెయ్యి పెట్టింది. చదవడం రాదు. ఒక్కొక్క కాగితాన్నీ తడిమి పక్కన పెడుతూ, "గింత మందిమా" అంది.

అప్పుడు గుమ్మంలో నీడ పడింది. మా క్వార్టర్ గోడలు పలచన. మామ అంతా విన్నాడు. పెట్టుడు కాలు మీద బరువు వేసి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఈరీ, ఆ దినం తాడు తెగింది" అన్నాడు. "బొగ్గు టబ్బులు గుంజే ఇనుప తాడు. వారం సంది పీసులు లేస్తుండె. నేను సూసిన, పైకి చెప్పిన. చెప్పి మల్ల దాని పక్కనే నిలబడ్డ. బోనానికి దానికి ఏం సంబంధం?"

అత్త తలెత్తి ఆయన్నే చూస్తోంది.

"ముప్పై ఏండ్లు గీ ముచ్చట కడుపుల పెట్టుకున్నవా? నన్నొక్కసారి అడగరాదే?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయనకు నేల మీద కూర్చోవడం రాదు. అందుకని వంగలేక వంగి, ఆమె తల మీద చెయ్యి వేసి, అలాగే నిలబడ్డాడు. నేను ఫారాలు తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ ఇద్దరినీ అలా చూసే భాగ్యం నాకు దొరికినందుకు ఇప్పటికీ సంతోషమే.

సాయంత్రం సతీష్ వచ్చేసరికి అత్త ఆపరేషన్ చీటీ చేత్తో పట్టుకుని కూర్చుంది. "పొయ్యి వద్దని చెప్పిరా" అంది.

"నువ్వే గదనే తొందరన్నవ్?"

"నేనే అన్న. ఇప్పుడు నేనే వద్దంటున్న. నీ పెండ్లాన్ని అడిగినవా ఏం గావాల్నో?"

సతీష్ నా వైపు తిరిగాడు. పెళ్లయిన ఆరేళ్లలో మొదటిసారి, "నీకేం గావాలె సుమన్?" అని అడిగాడు. సంచి ఉంచుకోవాలనుంది అన్నాను. అతను చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరిగి వెళ్లాడు.

రెండో తారీకున డాక్టరమ్మ పన్నెండు మందినే చూస్తానన్నది, మా కాలనీ ఫారాలు చూసి మధ్యాహ్నం అన్నం మానేసి ఇరవై ఒక్క మందిని చూసింది. ఆమె చేతికి మొక్కాలనిపించింది. కొందరికి మాత్రలు చాలన్నది. కొందరికి ఏమీ అక్కర్లేదు, ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలన్నది. రాజమ్మకు నలభై ఏడు. అన్ని దారులూ విన్నాక సంచి తీయించుకోవడానికే మొగ్గింది. "అన్నీ తెలుసుకుని తనే చెప్పింది కదా, అదే మనకు కావాల్సింది" అన్నది ఉజ్వల తాయి. నాకు గడ్డలు మాత్రమే తీయొచ్చని, ముందు ఒంట్లో రక్తం పెరగాలని, పిల్లలు పుడతారని మాత్రం మాట ఇవ్వలేనని డాక్టరమ్మ చెప్పింది. దాచకుండా చెప్పినందుకు ఆమెను ఇంకా నమ్మాను. ఇల్లలకగానే పండగ కాదని నాకూ తెలుసు. రెండు నెలలు సెలైన్‌లో ఇనుము మందు ఎక్కించుకున్నాను.

ఆపరేషన్ అయిన మర్నాడు కళ్లు తెరిచేసరికి మంచం పక్కన అత్త ఉంది. మూడు గడ్డలూ తీశారని, సంచి బాగుందని అప్పటికే నాలుగుసార్లు చెప్పిందట, మత్తులో నాకు గుర్తులేదు. ఐదోసారి చెప్పింది. కాసేపటికి ఉజ్వల తాయి వచ్చింది. ఆపరేషన్ తర్వాత నింపే ఇంకో ఫారం ఉంటుంది. నాది నింపడం అయ్యాక ఆవిడ బ్యాగు సర్దుకుంటుంటే అత్త చెయ్యి పట్టి ఆపింది.

"నాది గూడ రాస్కో" అంది మరాఠీలో.

అది యాభై ఏళ్ల లోపు వాళ్లకని ఉజ్వల తాయి చెప్పబోయి, అత్త మొహం చూసి ఆగింది. కొత్త ఫారం తీసింది. పేరు ఈరమ్మ. వయసు అరవై నాలుగు. ఎన్ని రోజులు అంటే అత్త వార్డు అంతటికీ వినపడేట్టు పదకొండు అంది. ఏ ఏట తీశారు, ఎందుకు తీశారు, అన్నిటికీ మరాఠీలోనే టకటకా చెప్పుకుంటూ వచ్చింది.

ఫారంలో చివరి ప్రశ్న ఒకటుంటుంది. ఆపరేషన్‌కు ముందు మీకేం కావాలో ఎవరైనా అడిగారా?

"లేదు" అంది అత్త.

ఉజ్వల తాయి రాసుకుని, పెన్ను ఎత్తకుండానే, "అడిగి ఉంటే ఏం చెప్పేవారు?" అన్నది. అది ఫారంలో లేదు.

అత్త కిటికీ వైపు చూసింది. అంతసేపూ మరాఠీలో మాట్లాడిన మనిషి, ఆ ఒక్క జవాబు మాత్రం నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

"నాకు ఇంకొక్క పిల్ల గావాలనుండె బిడ్డా. ఆడిపిల్ల."

కుట్లు లాగుతున్నా నేను లేచి కూర్చున్నాను. ఆమె చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని, ఉజ్వల తాయికి మరాఠీలో ఆ మాట చెప్పాను. ఆవిడ ఫారం వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న చోట, ఒక్క అక్షరం తగ్గకుండా రాసుకుంది.